గాబులో చెరువు

పిల్లలూ! మీ పెరట్లో మూలపడిన పాత గాబు ఏదైనా ఉన్నదా? పూర్వం పశువులకు కుడితి పోసిన తొట్టో, నీళ్ళు నిలవ చేసుకున్న గోలెమో, అంచు కాస్త విరిగిన సిమెంటు కుండీయో, ఏదైనా సరే. దాన్ని పారవెయ్యవద్దు. దానిలో చెరువు కడదాం!

చెరువంటే గట్టూ, తూమూ, అలుగూ ఉండే పెద్ద చెరువు కాదు. ఒక కలువ మొక్క, గుప్పెడు నాచు, నాలుగు నత్తలు, అయిదారు చిన్న చేపలు. అంతే. అయినా పెద్ద చెరువులో జరిగే పనులు చాలావరకు ఈ గాబులోనూ జరుగుతాయి. పెద్ద చెరువులో అవి నీటి అడుగున, మన కంటికి దూరంగా జరుగుతాయి. ఇక్కడ ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే చాలు, అన్నీ కనబడతాయి.

అయితే, "నీళ్ళు నిలవ ఉంచితే దోమలు పుడతాయి, వద్దు!" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళు అన్నది నిజమే. అందుచేత ముందు ఆ దోమ సంగతి తేల్చుకుని, తర్వాత చెరువు కట్టే పని మొదలుపెడదాం.

నిలవ నీటికి మొదటి చుట్టం

ఖాళీ గాబులో వాననీరు పడిందనుకోండి. దాన్ని వెతుక్కుంటూ అందరికంటే ముందు వచ్చేది ఆడదోమ. మనలను కుట్టేది కూడా ఆడదోమే. గుడ్లు తయారు కావటానికి దానికి రక్తం కావాలి. మగదోమ పూల తేనెతోనూ, చెట్ల రసాలతోనూ సరిపెట్టుకుంటుంది.

గుడ్డు పగిలి వచ్చే దోమపిల్లను శాస్త్రజ్ఞులు లార్వా అంటారు. అది మెలికలు తిరుగుతూ నీటిలో తిరుగుతుంది. నీటిలో ఉన్నా అది పీల్చేది పైగాలినే. అందుకని మాటిమాటికీ పైకి వస్తుంది. మామూలు ఇంటిదోమ పిల్లలూ, డెంగీ జ్వరం తెచ్చే చారలదోమ పిల్లలూ తలకిందులుగా వేలాడుతూ, తోక దగ్గర ఉన్న గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తాయి. మలేరియా తెచ్చే అనాఫిలిస్ దోమ పిల్లకు ఆ గొట్టం లేదు. అది నీటి మీద పుల్లలాగా బల్లపరుపుగా పడుకుంటుంది. ఇంత తేడా ఉన్నది గనుక, సూక్ష్మదర్శిని లేకుండానే మీరు వాటిని గుర్తుపట్టవచ్చు.

లార్వా నాలుగుసార్లు కుబుసం విడిచి, కామా గుర్తులాగా వంగిన ప్యూపా అవుతుంది. ప్యూపా ఏమీ తినదు. రెండు మూడు రోజులలో దాని వీపు చీలి, దోమ బయటికి వచ్చి ఎగిరిపోతుంది. మన వేడికి ఈ పనంతా వారం పది రోజులలో అయిపోతుంది.

దోమ మలేరియాను మోస్తుందన్న సంగతికి మొదటి గట్టి రుజువు దొరికింది మన సికిందరాబాదులోనే! రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు లార్వా దశ నుంచి తానే పెంచిన దోమలను హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చి, తర్వాత ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో ఆయనకు మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉన్నది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఖాళీ గాబులోని వాననీటిలో దోమ పెట్టిన గుడ్లకు శత్రువు లేదు. అన్నీ పెరుగుతాయి. కాని చేపలూ, తూనీగ పిల్లలూ, నీటి పురుగులూ ఉన్న నీటిలో అవే గుడ్లు పొదిగితే పిల్లలు అక్కడివాటికి ఫలహారం అవుతాయి. చచ్చుగా పడి ఉన్న నీరు దోమల పుట్టిల్లు. ప్రాణులున్న నీరు దోమలకు బోను. మనం కట్టబోయేది ఆ బోనునే.

గాబు, చోటు, లెక్క

గాబు వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 40 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మూరెడు, ఉంటే మంచిది. ఎత్తుగా సన్నగా ఉన్నదాని కంటే వెడల్పుగా ఉన్నది మేలు. ప్రాణవాయువు నీటిలోకి దిగేది నీటి పైభాగం నుంచే గదా!

దీనిలో ఎన్ని నీళ్ళు పడతాయో మీరే లెక్క కట్టండి. అంచుకు 5 సెంటీమీటర్లు తక్కువగా నింపుతాం గనుక నీటి లోతు 35 సెంటీమీటర్లు. వ్యాసార్ధం 30. అప్పుడు 3.14 × 30 × 30 × 35 = 98,910 ఘన సెంటీమీటర్లు. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు కాబట్టి, దాదాపు 99 లీటర్లు. అంటే అయిదారు బిందెలు. ఒక్కొక్క లీటరు నీరు ఒక కిలో బరువు. గాబు బరువు, మట్టి బరువు కలిపితే వంద కిలోలు దాటిపోతుంది. అందుకని గాబును ముందు సరైన చోట పెట్టి, తర్వాత నీళ్ళు పొయ్యాలి. డాబా మీద పెట్టదలిస్తే పెద్దవాళ్ళను అడగకుండా పెట్టవద్దు.

సరైన చోటు ఏది? ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలి, మధ్యాహ్నం తర్వాత నీడ వచ్చే చోటు. ఎండ బొత్తిగా లేకపోతే కలువ పూయదు. మే నెల పడమటి ఎండ నేరుగా తగిలితే నీరు వేడెక్కి చేపలు చచ్చిపోతాయి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే ఉండగలదు. చెట్టు కింద పెట్టినా చిక్కే. రాలిన ఆకులు నీటిలో పడి కుళ్ళుతాయి.

సిమెంటు గాబు కొత్తదైతే ఒక జాగ్రత్త ఉన్నది. కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగుతుంది. ఆ నీరు చేపలకు పనికిరాదు. గాబు నిండా నీళ్ళు పోసి మూడు రోజులుంచి పారబోయ్యాలి. ఇలా మూడు వారాలపాటు చెయ్యాలి. పాత గాబుకు ఈ బాధ లేదు. మట్టి గోలెమైతే కొంచెం నీరు చెమర్చి ఇగిరిపోతుంది గాని, కూజాలో లాగానే నీరు చల్లగా ఉంటుంది.

మట్టి, మొక్కలు

మొక్కలను గాబు అడుగున నేరుగా నాటకండి. వెడల్పయిన చిన్న పూలకుండీలో నాటి, కుండీతో సహా దింపాలి. అప్పుడు కావలసినప్పుడు పైకి తియ్యటం తేలిక. కుండీ అడుగు కన్నం మీద గుడ్డపేలిక వేసి, బాగా మాగిన పశువుల ఎరువు ఒక గుప్పెడు వేసి, పైన చెరువు మట్టి గాని జిగురుగల నల్లమట్టి గాని నింపండి. కలువ దుంపను నాటి, మొలక మాత్రం మట్టికి పైన ఉండేటట్టు చూడండి. ఆ పైన రెండు వేళ్ళ మందాన కడిగిన ఇసుక పరవండి. ఇసుక పరిస్తే మట్టి నీటిలోకి లేవదు.

కుండీని మొదట రెండు ఇటుకల మీద పెట్టండి, లేత ఆకులు నీటిపైకి అందుకోవాలి. కాడలు పొడుగైన కొద్దీ ఒక్కొక్క ఇటుక తీసెయ్యండి. కుండీ మట్టిపైన జానెడు లోతు నీరు ఉంటే చాలు. నీళ్ళు పోసేటప్పుడు ధార నేరుగా మట్టిమీద పడకుండా మీ అరచెయ్యి అడ్డం పెట్టండి, లేకపోతే ఒక అరటాకు ముక్క మీద పొయ్యండి. కుళాయి నీరైతే అందులో క్లోరిన్ ఉంటుంది. ఒక రోజంతా ఎండలో ఉంచితే అది చాలావరకు పోతుంది.

కలువ, తామర దుంపలు పెద్ద నర్సరీలలో దొరుకుతాయి. గోదావరి ఒడ్డున కడియం తోటలవాళ్ళు వీటిని పెంచి అమ్ముతారు. ఎర్రకలువా, తెల్లకలువా రాత్రి విచ్చుకుని మర్నాడు పొద్దెక్కేదాకా ఉంటాయి. కలువకు చంద్రుడు చుట్టమని మన కవులు అన్నది వీటిని చూసే. నీలికలువ మాత్రం పగలే విచ్చి సాయంకాలానికి ముడుచుకుంటుంది. మీరు ఏది నాటితే, ఆ వేళకు కాపు వేసి చూడండి.

కలువ ఆకును ఒకసారి పట్టుకు చూడండి. చాలా చెట్ల ఆకులకు గాలి పీల్చే పత్రరంధ్రాలు కింది వైపునే ఎక్కువగా ఉంటాయి. కలువ ఆకు కిందివైపు ఎప్పుడూ నీటిని అంటుకుని ఉంటుంది గదా, అందుకని దాని రంధ్రాలు పైవైపున ఉంటాయి!

తామరకు ఇంతకంటే వెడల్పయిన తొట్టి విడిగా కావాలి. కాని తామర గింజను మొలిపించటం మంచి వేడుక. గింజ పైపెంకు రాయిలాగా గట్టిగా ఉంటుంది, నీరు లోపలికి పోనివ్వదు. గరుకు రాతిమీద ఒక పక్క, లోపలి లేతరంగు కనబడేవరకు మాత్రమే అరగదీసి, గ్లాసు నీటిలో వెయ్యండి. రోజూ నీరు మార్చండి. వారం లోపల మొలక వస్తుంది. ఆ పెంకు ఎంత గట్టిదో తెలుసా? చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన ఒక తామర గింజను శాస్త్రజ్ఞులు మొలిపించారు. దాని వయస్సు సుమారు 1,300 సంవత్సరాలని 1995లో ప్రకటించారు!

ఇక నీటిలో మునిగి పెరిగే నాచు మొక్క తప్పకుండా ఉండాలి. చెరువులలో దొరికే హైడ్రిల్లా చాలు. నాలుగైదు రెమ్మలను దారంతో చిన్న రాతికి కట్టి అడుగుకు వదలండి. మంచి ఎండ కాసేటప్పుడు దాని కాడల నుంచి ముత్యాల్లాంటి బుడగలు వరసగా పైకి వస్తాయి. అది మొక్క తయారు చేస్తున్న ప్రాణవాయువు. మేఘం అడ్డం వస్తే బుడగలు తగ్గుతాయి, ఎండ రాగానే పెరుగుతాయి. నిమిషానికి ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి.

వద్దనవలసిన మొక్కలు కూడా ఉన్నాయి. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కాలవలనూ చెరువులనూ ముంచెత్తింది. దాన్ని తేవద్దు. అంతరతామర చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కాని మాన్సోనియా అనే దోమ పిల్లలు దాని వేళ్ళకు గొట్టం గుచ్చి, అక్కడి నుంచే గాలి పీలుస్తాయి. పైకి రానే రావు గనుక చేపలకు సులభంగా చిక్కవు. కేరళలో చేర్తల ప్రాంతంలో బోదకాలు వ్యాధిని పంచింది ఈ దోమలే. మన బోనులో అటువంటి కన్నం ఉండకూడదు.

నీరు పచ్చబడితే కంగారు పడవద్దు

నీళ్ళు పోసిన వారం పది రోజులకు గాబంతా పెసరకట్టులాగా పచ్చబడుతుంది. చాలామంది ఇక్కడే విసుగెత్తి నీళ్ళు పారబోస్తారు. అలా చేస్తే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఆ పచ్చదనం కంటికి ఆనని పాచి కణాలది. కొత్త మట్టిలోని ఎరువు నీటిలో కరిగింది, పైన ఎండ ఉన్నది, పాచికి పండుగే గదా! కొన్నాళ్ళకు కలువా నాచూ వేళ్ళూని ఆ ఎరువును తాము లాక్కుంటాయి. కలువ ఆకులు పరుచుకుని ఎండను ఆపుతాయి. పాచికి తిండీ, వెలుతురూ రెండూ తగ్గి, నీరు తేటపడుతుంది. నీటిపైన సగం వరకు ఆకులు కప్పి ఉంటే చాలు. మిగిలిన సగం గాలికి వదలాలి.

ఇదే సమయంలో కంటికి కనబడని ఇంకొక పని కూడా జరుగుతుంది. ప్రాణుల విసర్జనంలోనూ, కుళ్ళిన ఆకులలోనూ అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. మట్టిలోనూ, గాబు గోడలమీదా పెరిగే సూక్ష్మజీవులు అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు మొక్కలకు ఆహారం. ఈ సూక్ష్మజీవులు తగినన్ని పెరగటానికి కొన్ని వారాలు పడుతుంది. కనుక మొదటి రోజే చేపలను నింపెయ్యకూడదు. ముందు నాలుగు నత్తలు వెయ్యండి. అవి గోడల పాచినీ, కుళ్ళిన ఆకులనూ గీరుకు తింటాయి.

మరి ఈ వారాలలో దోమలు రావా? వస్తాయి. అందుచేత మొదటి వారం దాటకుండానే రెండు చిన్న చేపలను మాత్రం వదలండి. రెండింటి అమ్మోనియాను చిన్న చెరువు కూడా భరించగలదు. అప్పటిదాకా గాబు మీద సన్నని దోమతెర గుడ్డ బిగించి కట్టండి. మిగిలిన చేపలను నెలయ్యాక వెయ్యవచ్చు. మొత్తం అయిదారుకు మించవద్దు.

ఏ చేపలు?

మన పంటకాలవలలోనూ, వరిచేల గుంటలలోనూ ప్యాంచాక్స్ అనే చిన్న చేప ఉంటుంది. వేలెడు పొడుగు కూడా ఉండదు. నీటిపైనే తిరుగుతుంది. నడినెత్తిన తెల్లని చుక్క ఒకటి తళుక్కుమంటుంది. అందుకే బెంగాలీలు దాన్ని తేచోఖా, అంటే ముక్కంటి, అంటారు. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటిపైకి గాలికోసం వచ్చే దోమపిల్లను పట్టటానికి ఇంతకంటే మంచి నోరు ఉండదు. ఇది ఎగిరి దూకుతుంది కూడా. అంచు కంటే నీరు 5 సెంటీమీటర్లు తక్కువగా ఉండాలన్నది ఇందుకే.

అది దొరకకపోతే దుకాణాలలో గప్పీ చేపలుంటాయి. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. దోమల నివారణకు గప్పీలనూ, గంబూసియా చేపలనూ మన దేశంలో చాలాకాలంగా వాడుతున్నారు. ఇవి రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. గాబులో ఉన్నంతసేపూ మనకు మిత్రులే. కాని చెరువులో వదిలితే అక్కడి కప్పపిల్లలనూ, మన చేపల గుడ్లనూ కూడా తింటాయి. గాబులో చేపలు ఎక్కువైతే స్నేహితుల గాబుకు ఇవ్వండి. కాలవలోనో, చెరువులోనో మాత్రం వదలవద్దు.

తెచ్చిన సంచిని విప్పకుండా ఇరవై నిమిషాలు గాబు నీటిమీద తేలనివ్వండి. లోపలి నీటి వేడీ, బయటి నీటి వేడీ సమానమయ్యాక చేపలను వదలండి. మేత వెయ్యటానికి తొందరపడకండి. కడుపు నిండిన చేప దోమపిల్లలను వెతకదు. మిగిలిన మేత కుళ్ళి నీరు చెడుతుంది.

తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే, ప్రాణవాయువు చాలటం లేదని అర్థం. రాత్రిపూట మొక్కలు ప్రాణవాయువును తయారు చెయ్యవు, అవి కూడా పీలుస్తాయి. నాచు మరీ దట్టంగా ఉంటే సగం తీసెయ్యండి. వెంటనే ఒక చెంబుతో నీరు పైకెత్తి మళ్ళీ పొయ్యండి. ధారతోపాటు గాలి లోపలికి పోతుంది.

ఒక పరీక్ష

చెరువు పని చేస్తున్నదా లేదా అని తెలుసుకోవటం ఎట్లా? పూలకుండీ కింది పళ్ళెంలోనో, పాత టైరులోనో నిలిచిన నీటిని వెతకండి. దానిలో దోమపిల్లలు కనిపిస్తే, గరిటెతో ఇరవైంటిని లెక్కపెట్టి మీ గాబులో వదలండి. పక్కన గడియారం పెట్టుకుని కూర్చోండి. ఎన్ని నిమిషాలకు ఎన్ని మిగిలాయో కాగితం మీద రాయండి. మిగిలిన ఆ నీటిని అక్కడే ఎండు నేలమీద ఒంపెయ్యండి, పళ్ళేన్ని తోమి బోర్లించండి. మురిక్కాలవ నీరు మాత్రం తేవద్దు. పరీక్ష అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవటం మరవవద్దు.

పిలవకుండానే వచ్చేవాళ్ళు

నెల రెండు నెలలు గడిచేసరికి మీరు తేని ప్రాణులు కూడా వస్తాయి. తూనీగ వచ్చి తోక చివరతో నీటిని తాకి గుడ్లు పెడుతుంది. దాని పిల్ల నీటి అడుగున ఉంటుంది. దాని కింది పెదవి మడతపెట్టిన చెయ్యిలాగా ఉండి, ఆహారం దగ్గరికి రాగానే చటుక్కున ముందుకు చాగుతుంది. దోమపిల్లలు దానికి ఇష్టమైన తిండి. ఒకనాటి ఉదయం కలువ కాడను పట్టుకుని ఉన్న దాని ఖాళీ కుబుసం మీకు దొరకవచ్చు. వానాకాలంలో కప్ప రావచ్చు. ఎండాకాలంలో తేనెటీగలూ పిచ్చుకలూ నీళ్ళకు వస్తాయి. అవి వాలటానికి ఒక రాయి నీటిపైకి కొంచెం కనబడేటట్టు పెట్టండి. తేనెటీగ మునిగిపోకుండా ఉంటుంది.

ప్రతి వారం చెయ్యవలసిన పనులు

ఒకటి: పండిన ఆకులను తీసెయ్యాలి.

రెండు: నీటిగీతకు పైన గాబు లోపలి గోడను కొబ్బరిపీచుతో గట్టిగా తోమాలి. చారలదోమ గుడ్లను నీటిలో పెట్టదు, నీటికి కాస్త పైన తడిగోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయి నెలల తరబడి ఉండి కూడా, మళ్ళీ నీరు తగిలితే పొదుగుతాయి!

మూడు: తరిగిన నీరు నింపాలి. మండు వేసవిలో రోజుకు ఒక సెంటీమీటరు దాకా ఇగిరిపోతుంది. మన గాబులో అది దాదాపు మూడు లీటర్లు. నీరంతా ఒక్కసారి మార్చవద్దు.

నాలుగు: చేపలు ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లి ఎత్తుకుపోయినా, ఎండకు చచ్చిపోయినా, చేపలు లేని గాబు మళ్ళీ దోమల పుట్టిల్లే అవుతుంది. ఊరికి పోయేటప్పుడు ఈ పని పొరుగువారికి అప్పగించండి. చూసేవారెవరూ లేకపోతే చేపలను స్నేహితుల గాబులోకి చేర్చి, మీ గాబును ఒంపి బోర్లించి వెళ్ళటమే మంచిది.

ఇంకొక మాట. ఇంట్లో నడక నేర్చుకునే తమ్ముడో చెల్లాయో ఉంటే గాబు మీద గట్టి ఇనుప వల తప్పకుండా బిగించాలి. పసిపిల్లలకు మూరెడు నీరు కూడా ప్రమాదమే. వాళ్ళు పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే చెరువు చూడాలి.

ఇక లేవండి! పాత గాబును తోమి కడగండి. ఒక నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద నీళ్ళు పోసిన తేదీ వెయ్యండి. నీరు ఎన్నో రోజున పచ్చబడింది, ఎన్నో రోజున తేటపడింది, మొదటి తూనీగ ఎప్పుడు వచ్చింది, మొదటి కలువ ఏ వేళకు విచ్చింది, అన్నీ రాసి పెట్టండి. "దోమలు పుడతాయి" అన్న పెద్దవాళ్ళకు ఆ పుస్తకమూ, ఒక గరిటెడు గాబు నీరూ కలిపి చూపించండి. అందులో దోమపిల్ల ఒక్కటైనా ఉన్నదేమో వాళ్ళనే వెతకమనండి.